ఎదుటి కుర్చీ

మధ్యాహ్నానికి కుర్చీలు పార్టీ మార్చేశాయి.

రోడ్డుకి ఈవైపు ఒక పార్టీ టెంటు, ఆవైపు రెండో పార్టీ టెంటు. రెండింటికీ కుర్చీలు, మైకులు అద్దెకిచ్చింది ఒకడే. మార్కెట్లో అతన్ని అందరూ కుర్చీల బావ అంటారు.

ఓట్ల లెక్కింపు రోజు అతని పద్ధతి ఒకటే. టీవీలో ఎవరు వెనకబడితే వాళ్ళ టెంటులోంచి కుర్చీలు తీసి, ముందున్నవాళ్ళ టెంటులో వేయడం. సరుకు ఖాళీగా పడుండకూడదు.

ఈసారి మోత ఖర్చు కూడా తప్పింది. పొద్దున ఈ టెంటులో చప్పట్లు కొట్టినవాళ్ళే, ఎవరి కుర్చీ వాళ్ళు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటారు. మెడలో కండువా సగం దారిలోనే మార్చారు.

దేశమంతటా అదే గాలి. ఇక్కడ గెలిచినాయనకి మంత్రి పదవి ఖాయమని టీవీ చెబుతోంది.

చూస్తుంటే బావకే అసహ్యం వేసింది. రేపు ప్రభుత్వం మారితే ఈ కుర్చీలు మళ్ళీ ఇటే వస్తాయి, వాటి కింద ఈ మనుషులూ వస్తారు అనుకున్నాడు. అయినా అసహ్యం కూడు పెట్టదు.

ఓడిన టెంటులో ఒక్క కుర్చీ మిగిలింది. అందులో ఓ ముసలాయన.

"లేవండి పెద్దాయనా. మీవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు."

"నాకు మావాళ్ళంటూ ఎవరూ లేరు నాయనా. ఇక్కడైతే అవతలి స్టేజీ నేరుగా కనిపిస్తుంది. గెలిచినాయన మాట్లాడేటప్పుడు ఎదురుగా వినేవాడు ఒక్కడైనా ఉండాలి."

వినడం కాదు, తనకి గెలిచినాయనతో పనుందన్నాడు బావ. రోడ్డు వెడల్పు చేస్తామని అతని గోడౌనుకీ, పైనున్న ఇంటికీ ఎర్రరంగు గుర్తులు పెట్టారు. ప్రచారానికి వచ్చినప్పుడు ఆయన బావ భుజం మీద చెయ్యేసి, నేనుండగా ఇటుక కూడా కదలదన్నాడు. ఆ మాట పట్టుకునే బావ మార్కెట్ మొత్తం చేత ఓట్లు వేయించాడు.

"నీ కుర్చీల్లాంటివే ఆయన మాటలు," అన్నాడు ముసలాయన. "అద్దెకిస్తాడు. పని కాగానే పట్టుకుపోతాడు."

ఇటుక కదలదన్న ఆ మాట ఇవాళే, ఇక్కడే, నలుగురిలో ఆయనచేత మళ్ళీ అనిపించుకోమన్నాడు. దండలు వాడిపోయాక ఇక మనిషి దొరకడన్నాడు.

"నన్ను మాత్రం ఇక్కడే ఉండనివ్వు. నేను ఎదురుగా ఉంటే కాదనడు."

బావకి నవ్వాగలేదు. ఓడిన టెంటులో కూర్చుని సిఫార్సు చేస్తాడట.

"మీ పలుకుబడి కనిపిస్తూనే ఉంది తాతా. చుట్టూ ఈగ కూడా వాలడంలేదు," అని కుర్చీ వెనక పట్టుకుని ముందుకి వంచాడు.

ముసలాయన గొడవ పడలేదు. చెప్పులు వెతుక్కుని వేసుకున్నాడు. అవతలి గుంపు వైపు ఒకసారి చూసి, కుళ్ళిన వాసన తగిలినట్టు మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కారు సందు చివరే ఆగింది. ముందు డ్రైవర్ ఒక్కడే నడిచొచ్చి, ఎదుటి టెంటులో ముసలాయన ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

"ఇందాకటిదాకా ఉన్నాడు. నేనే లేపి పంపించేశా," అన్నాడు బావ, మెప్పు కోసం.

డ్రైవర్ ఫోన్ తీశాడు. "రావచ్చు సార్. ఖాళీయే."

గెలిచినాయన స్టేజీ ఎక్కి ముందుగా ఎదుటి టెంటు వైపు చూశాడు. గట్టిగా ఊపిరి వదిలి, అప్పుడు నవ్వుతూ మైకు అందుకున్నాడు.

దిగేటప్పుడు బావ అడ్డం వెళ్ళి గోడౌను సంగతి ఎత్తాడు.

"గోడౌనా? దేశం ముందుకెళ్ళాలంటే తలా కొంచెం వదులుకోవాలి బాబూ," అంటూ ఆయన ఆ భుజం మీదే చెయ్యేసి పక్కకి జరిపాడు.

కండువాలు మార్చినవాళ్ళు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

బావ డ్రైవర్ చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముసలాయన ఎవరని అడిగాడు.

"సార్ వాళ్ళ నాన్న," అన్నాడు డ్రైవర్, కారు తలుపు తీస్తూ. "మా సారు ఎంతమంది ముందైనా మాట తప్పగలరు గానీ, ఆయన ఎదురుగా కూర్చుంటే మాత్రం ఇప్పటిదాకా తప్పలేకపోయారు."