ఎడమచేతి కత్తి

"అచ్చులో బొమ్మ తిరగబడుతుందని ఇన్నేళ్లకీ గుర్తుండదా? నాటకంలో రాజు కత్తి ఎడమచేతికి వచ్చింది!" పత్రిక అచ్చుకి చెక్కదిమ్మల మీద వెటకారం బొమ్మలు చెక్కే భర్త ముందు కాగితం విసిరికొట్టింది భార్య.

"ఊరంతా రాజు బొజ్జనీ, హాల్లో గుర్రుపెట్టే జనాన్నీ చూసి నవ్వుతోంది. కత్తి ఎవడు చూశాడే?"

"ఒక్కసారైనా ఆ నాటకం చూసొచ్చి చెక్కమంటే వినరు కదా!"

తలుపు తోసుకుని రాజు వేషం కట్టే ముసలి నటుడే వచ్చాడు. ఎడమచేతిలో అదే బొమ్మ. చెక్కినవాడు తిట్లకు సిద్ధపడ్డాడు.

"బొజ్జకేం, నవ్వుకోనివ్వండి బాబూ. కత్తి సంగతి ఎలా కనిపెట్టారు?"

"అదీ..."

"కుడిచెయ్యి పడిపోయి ఏడాదైంది. శాలువా కింద దాచుకుని, ఎడమచేత్తోనే కత్తి తిప్పుతున్నాను. రోజూ హాలు నిండుతుంది. ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు." ముసలాయన బొమ్మ ఎత్తి చూపించాడు. "నన్ను నిజంగా చూసింది మీరొక్కరే. ఏ వరసలో కూర్చున్నారు?"

భార్య మొహం తిప్పుకుంది.

చెక్కినవాడు చేతుల సిరా తుడుచుకున్నాడు.

"ముందు వరసలోనేనండీ."

తెర పడేటప్పుడు జనానికి వంగినట్టే, ముసలి రాజు అతని ముందు వంగాడు.