రోబో తల

కూతురు అవని బ్యాగులో దొరికిన రోబో తల ఆకారపు చిన్న గ్రైండర్‌ని ఉమ బల్లమీద పెట్టింది.

“ఏంటే ఇది? గంజాయి నలిపేదేగా?”

“నాదే మమ్మీ. సారీ.”

అంత తేలిగ్గా ఒప్పుకోవడంతో ఉమ అనుమానం ఇంకా పెరిగింది.

“అత్తయ్యా, మీరైనా అడగండి!”

సోఫాలోని అత్తగారు పెదవి విప్పకుండా తల అడ్డంగా ఊపింది.

ఉమ మూత తిప్పింది. వక్క, లవంగం వాసన గుప్పుమంది.

దంచుతుంటే చప్పుడని కింది ఫ్లాట్‌వాళ్లు కంప్లైంట్ చేశాక, పళ్లులేని అత్తగారి చిన్నరోలు దాచేసి, తాంబూలమే మాన్పించింది తను.

“నోరు తెరవండి.”

ఎర్రగా పండిన నోటితో ఆవిడ బిక్కచచ్చి చూసింది.

ఉమ గ్రైండర్‌లోకి తొంగిచూసింది.

“ఇంకా పలుకులున్నాయి అత్తయ్యా. చిగుళ్లకి గుచ్చుకోవూ?” అంటూ మూత బిగించి, తనే తిప్పసాగింది.