లెక్కలోకి రాని పరుగు

“అంకె ఎంత?” కారు పూర్తిగా ఆగకముందే అడిగాడు ఎమ్లిన్ రోసర్.

కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. ముఖమంతా నూనె, తడి ఇసుక. అద్దాలున్న చోట మాత్రం రెండు తెల్లటి గుండ్రాలు మిగిలాయి.

బావమరిది గెథిన్ అప్పటికే పరిగెత్తుకొచ్చాడు. ఆ కారుకు మెకానిక్ అతనే. వెనక ఎడమ చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

“బావా, ఒకసారి దిగి ఇటు చూడు. టైరు మీద రబ్బరు లేదు. లోపలి గుడ్డ కనబడుతోంది.”

“ఇంకో మైలుకి చాలుతుందిలే.”

“చాలకపోతే?”

“మార్చడం మొదలుపెడితే సముద్రం వచ్చి మన ఒళ్లో కూర్చుంటుంది. నీ చేతివేగం నాకు తెలియందా? మన చర్చి ముసలాయన కీర్తనల పేజీలు తిప్పినట్టు మారుస్తావు.”

గెథిన్‌కు నవ్వు రాలేదు. పోటు నిజంగానే మొదలైంది. మోర్వా తీరంలో ఇసుక రోడ్డులా గట్టిగా ఉండేది ఆటుకూ పోటుకూ మధ్యనే. నియమం ప్రకారం మైలును ఒకసారి ఇటు, ఒకసారి అటు గంటలోపల పరిగెత్తాలి. రెండు వేగాల సగటే రికార్డు. ఇప్పుడు వెంటనే కారు వెనక్కి తిప్పితేనే ఆ రెండో పరుగు. రేపటికి కారే ఉండదు. దాన్ని కట్టించిన స్వాన్సీ బీరు వ్యాపారి విసుగొచ్చి అమ్మేశాడు. రేపు పొద్దున్నే లారీ వస్తుంది.

కాలం లెక్క చూసే ప్రోథెరో గుడారంలోంచి బయటికొచ్చాడు. పొడవాటి నల్లకోటు, చేతిలో గొడుగు. ఈ ఇసుక మీద ఆయన మాటే ఆఖరు మాట. ఒక ఏడాది గాలికి ఒక జెండా వాలిపోయి ఉందని ఒక రికార్డునే కొట్టేశాడు. వాళ్లమ్మ వయసు అడిగినా రెండు గడియారాలు చూసి గాని చెప్పడని ఊళ్లో నవ్వుకుంటారు.

“చెప్పండి ప్రోథెరో గారూ. దాటేశాను కదా? నాకు తెలుసు. ఇంజను పాట పాడింది.”

ప్రోథెరో వెనక చక్రం దగ్గర ఆగాడు. గెథిన్ వేలు పెట్టి చూపిస్తున్న చోటు చూశాడు.

“టైర్లు మారుస్తున్నారా?” అన్నాడు.

“అది మా సంగతి. అంకె బాగుంటే ఇప్పుడే వెనక్కి తిప్పుతాను. ముందు అది చెప్పండి.”

“ఇంకోసారి చూసి చెబుతాను.”

“ఇంకోసారా? అంకె మారిపోతుందా ఏం?”

ప్రోథెరో అప్పటికే గుడారం వైపు నడుస్తున్నాడు. గొడుగు మొన ఇసుకలో దిగుతూ, లేస్తూ పోయింది. ఎమ్లిన్ స్టీరింగు మీద పిడికిలితో గుద్దాడు. “పీత కూడా ఇంతకంటే త్వరగా నడుస్తుంది.”

తిరిగొచ్చిన ప్రోథెరో టోపీ తీశాడు.

“లెక్క లేదు రోసర్. గడియారం కదల్లేదు.”

“ఏమన్నారు?”

“మొదటి తీగ పని చేసినట్టు లేదు. తడికి పాడయ్యుండాలి.”

ఎమ్లిన్ కారులోంచి దూకి గుడారంలోకి పరిగెత్తాడు. మైలు మొదట్లో పరిచిన తీగను చక్రం తొక్కితే గడియారం మొదలవుతుంది, చివరి తీగను తొక్కితే ఆగుతుంది. పెట్టెలో ముళ్లు రెండూ సున్నా మీద నిలబడి ఉన్నాయి.

“మళ్లీ పరిగెత్తుతాను. రెండు పరుగులూ.”

“రెండిటికి ఇసుక ఎక్కడుంది బావా?” వెనకాలే వచ్చిన గెథిన్ బయటికి చూపించాడు. దూరపు జెండాల చుట్టూ నీళ్లు పాకుతున్నాయి.

ఎమ్లిన్ ప్రోథెరో మీదికి తిరిగాడు. “పోయినేడు హ్యారిస్‌కి మాత్రం గుడారంలోంచి పరిగెత్తుకొచ్చి మరీ చెప్పారు కదా, రికార్డు వేగం, వెనక్కి తిప్పు అని. అప్పుడు తీగలు బాగానే పనిచేశాయి.”

“చేశాయి.”

“ఆ తిరుగు పరుగులో టైరు పేలి చచ్చిపోయినవాడి మొదటి పరుగుకి లెక్క ఉంది. బతికున్న నాకు లేదు.”

ప్రోథెరో టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. పెట్టె మూత వేశాడు.

ఎమ్లిన్ భార్య డిలిస్ టీ ఫ్లాస్కుతో అక్కడికొచ్చింది. ప్రోథెరో కోసం కప్పులో పోసింది కూడా. విషయం విని అలాగే నిలబడిపోయింది.

“మా పెళ్లయినప్పటి నుంచి ఇంట్లో ఈ కారు మాట తప్ప వేరే మాట లేదండీ. అన్నం బల్ల మీద కూడా పిస్టన్లే. ఈ ఒక్క పొద్దు కోసం. మీరు చేయాల్సింది ఒక్కటే, ఒక తీగ సరిచూసుకోవడం.”

“క్షమించమ్మా.”

డిలిస్ కప్పులోని టీ ఇసుకలో ఒలకబోసి, ఖాళీ కప్పు ఫ్లాస్కుకు బిగించుకుని వెళ్లిపోయింది.

గుర్రాలు కట్టి కారును గట్టు మీదికి లాగారు. దారి పొడవునా ఎమ్లిన్ తిడుతూనే ఉన్నాడు.

అతను మళ్లీ పందెం కారు ఎక్కలేదు. కార్మార్థెన్‌లో గ్యారేజీ పెట్టాడు. ఆదివారం చర్చిలో ప్రోథెరో ఎదురైతే బల్ల మారి కూర్చునేవాడు. జుట్టు నెరిశాక మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక చేతకాని ముసలివాడు తన రికార్డును ఎలా మింగేశాడో చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ కొత్త తిట్టు కలిసేది. ప్రోథెరో పోయినప్పుడు ఊరంతా వెళ్లింది. ఎమ్లిన్ మాత్రం గ్యారేజీ తలుపు కూడా మూయలేదు.

ఆ పొద్దున అతను రికార్డు దాటాడని తెలిసిన ఒకే ఒక్క మనిషిని వాళ్లు ఆ రోజు పూడ్చిపెట్టారు.