నల్ల చున్నీ

పాల సీసా నిత్య చేతికి ఇవ్వబోతూ ఉమ్ ఫహద్ ఆగింది. తను కప్పుకున్న నల్ల చున్నీ తీసి నిత్య భుజాల చుట్టూ కప్పింది.

"ముందు ఇది. తర్వాత పాప" అంది ఇంగ్లీషులో.

నిత్యకు ఒళ్లు మండింది.

హైదరాబాద్ నుంచి కువైట్ దాకా వచ్చింది బిడ్డను దత్తత తీసుకోవడానికి గానీ, ఈవిడ చున్నీలు కప్పుకోవడానికి కాదు. పైగా దానికి బుఖూర్ పొగ వాసన ఒకటి, మన సాంబ్రాణికి పెద్దక్కలాగా.

అయినా చున్నీ సర్దుకుని చేతులు చాచింది. అవసరం తనది.

పాప నిత్య చిన్నాన్న కూతురు వెంకటేశ్వరి బిడ్డ. వెంకటేశ్వరి రుమైథియా పేటలోని ఈ ఉమ్ ఫహద్ ఇంట్లోనే వంట చేసేది. ఆమె భర్త నాగరాజు ఇదే ఇంటికి డ్రైవరు. చలికాలంలో ఒక శుక్రవారం పాపను నిద్రపుచ్చి బజారుకని బయల్దేరిన ఇద్దరూ రోడ్డు ప్రమాదంలో పోయారు.

పిల్లల కోసం నిత్య ఎక్కని గుడి మెట్టు లేదు, వాడని మందు లేదు. కబురు తెలియగానే పాపను తామే పెంచుకుంటామంది, భర్త కౌశల్‌ను ఒక్క మాటైనా అడగకుండా. కౌశల్ అప్పటికే టిక్కెట్లు చూస్తున్నాడు.

కోర్టు కాగితాలు, ఎంబసీ కాగితాలు తేలేదాకా పాప ఈ ఇంట్లోనే. రోజూ వచ్చి చూసుకుని వెళ్లాల్సిందే.

ఉమ్ ఫహద్ మంచిదే, ఆ మాట ఒప్పుకోవాలి. ఉమ్ ఫహద్ అంటే ఫహద్ వాళ్లమ్మ అని అర్థం. తన పసివాడు ఆ ఫహద్‌ను చంకనేసుకుని ఆఫీసులన్నింటికీ వెంట తిరిగింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు. నిత్య తెచ్చిన గోంగూర పచ్చడిని రొట్టెలో చుట్టుకుని తిని, కళ్లు తుడుచుకుంటూ మళ్లీ వేయమనేది. ఆ అవస్థ చూసి నిత్య పడీ పడీ నవ్వేది. కన్నవాళ్ల ఇంటికొచ్చినట్టే ఉండేది.

అదంతా పాప ఏడుపు అందుకునేదాకానే.

పాప గుక్కపట్టగానే ఉమ్ ఫహద్ ఎత్తుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. కాసేపటికి పాప ఆమె భుజం మీద హాయిగా నిద్రపోతూ బయటికొచ్చేది.

లోపల ఏం చేస్తుందని, ఆ ఇంట్లో పనిచేసే తిరుపాలమ్మను అడిగింది నిత్య.

"మామా పద్ధతి అంతేలేమ్మా" అని ఆమె చీపురు అందుకుంది. అక్కడి పనివాళ్లు ఇంటావిడను మామా అనే పిలుస్తారు.

నిత్యకు గుబులు పట్టుకుంది. ఈవిడ పాపను వదలదేమో. అన్నీ అయ్యాక చివర్లో అడ్డం తిరుగుతుందేమో.

అందుకే టీ తాగేటప్పుడు రోజూ గుర్తుచేసేది. "తల్లి లేని పిల్లను ఇన్నాళ్లూ చూసుకున్నారు. మీ రుణం తీర్చుకోలేం. ఇక మాకు అప్పగించండి."

ఉమ్ ఫహద్ కెటిల్ తీసి నిత్య గ్లాసు నింపేది.

పోనుపోను ఆ తలుపు మూసుకోవడం తగ్గింది. చున్నీ మాత్రం తప్పలేదు.

చివరికి కాగితాలు చేతికొచ్చాయి. దారిలో పాపకు తోడుంటుందని తిరుపాలమ్మకు సెలవిచ్చి, టిక్కెట్టు కొని వాళ్లతో పంపింది ఉమ్ ఫహద్.

బయల్దేరే పొద్దున గుమ్మంలో నిలబడి ఫహద్ బుగ్గను పాప బుగ్గకు ఆనించింది.

"కువైట్‌లో దీనికి ఒక అన్న ఉన్నాడు. మరిచిపోనివ్వకు."

మర్యాదకు అంటోందనుకుని నిత్య తలూపింది.

ఉమ్ ఫహద్ మళ్లీ ఆ చున్నీ కప్పబోయింది. నిత్య దాన్ని మడతపెట్టి ఆమె చేతికే తిరిగి ఇచ్చింది. ఇక దీని అవసరం లేదులెండి అని నవ్వింది.

ఉమ్ ఫహద్ ఆ మడతను ఒక్క క్షణం నిమిరి తిరుపాలమ్మకు అందించింది. పాపను నిత్య చేతుల్లో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. కారు దాకా కూడా రాలేదు.

ఇంత స్నేహం చేసి ఇంతేనా అని నిత్య మనసు చివుక్కుమంది.

విమానం లేచిందో లేదో పాప ఏడుపు మొదలుపెట్టింది. సీసా పెడితే మొహం తిప్పేసుకుంది. కౌశల్ ఎత్తుకుని తిప్పాడు. ఊరుకోలేదు. ఏడ్చి ఏడ్చి పాప మొహం కందిపోయింది.

అప్పుడు తిరుపాలమ్మ సంచిలోంచి చున్నీ తీసి నిత్య భుజాల చుట్టూ కప్పింది.

పాప ఆ గుడ్డలో మొహం దాచుకుంది. రెండు వెక్కిళ్లు పెట్టి, సీసా నోట కరుచుకుని గుటగుటా తాగసాగింది.

నిత్య నోరు తెరుచుకుని చూసింది. "ఏముందక్కా ఈ గుడ్డలో?"

"మామా వాసనమ్మా. ఎంకటేశ్వరి పోయినాక సీసా పెడితే ఉమ్మేసేది. ఏడ్సి ఏడ్సి గొంతు గూడా రాకుండా పోయినాది. అప్పుడు మామా రొమ్ముకు వేసుకున్యాది. ఈ పక్క ఫహదు, ఆ పక్క ఇది. నువ్వొచ్చినాక నీ చేతికి అలవాటు కావల్లని ఒక్కో పూట మాన్పిచ్చుకుంటా వచ్చినాది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేను చెప్తాననే అంటి. వద్దనింది. తెలిస్తే బిడ్డ నీదేననే ధీమా నీకు పోతాదంట. దేశం దాటినాక చెప్పమనింది." తిరుపాలమ్మ పాప మూతి తుడిచింది. "ఆళ్లల్లో పాలిచ్చినామె తల్లేనమ్మా. ఫహదు దీనికి సచ్చేదాకా తోడబుట్టినోడే."

నిత్య ఆ చున్నీని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. కిటికీ కింద అప్పటికే సముద్రం తప్ప ఏమీ లేదు.

ఆ ఇంట్లో కూర్చుని, ఆమె పోసిన టీ తాగుతూ, "తల్లి లేని పిల్ల" అని తను రోజూ అన్నది ఆ పిల్ల తల్లితోనే.