ఖాళీ చేసిన సెల్లు

"ఈ పొడిని మూడొందల డిగ్రీలు దాటి వేడిచేసినా గీత కదల్లేదు, చూడక్కా," అంటూ తమ్ముడు ల్యాబ్‌లోని కంప్యూటర్ తెరను అక్కవైపు తిప్పాడు. "బావ ఆటోలో ఉన్న సోడియం బ్యాటరీలోదీ ఈ పొడే. దానంతటది అంటుకోదు. నేనే పరీక్ష చేశాను."

"నువ్వు చెప్పావనే కొన్నాడు." ఆటో అంటుకుని భర్త కాలిపోయి పది రోజులైంది. "ఈ పొడి ఎలా తీస్తార్రా?"

"బ్యాటరీ సెల్లు విప్పి, లోపలి రేకు మీంచి గీకుతాం."

"నిండా ఛార్జింగ్ ఉండగానే?"

"అమ్మో, చేతులు కాలిపోవూ? విప్పేముందు ఛార్జింగ్ మొత్తం ఖాళీ చేస్తాం. నిండా ఉంటేనే కదక్కా, ఈ పొడి వేడికి ఆక్సిజన్ వదిలేసి, మంట..."

అతను తెర వైపు తిరిగాడు. ఐదేళ్లుగా అతను వేడిచేసిన పొడులన్నీ అలా ఖాళీ చేసిన సెల్లులవే. తన చేతుల కోసం పడిన జాగ్రత్తే పరీక్షని పాడుచేస్తోందని ఒక్కనాడూ తట్టలేదు. తెర మీద గీత తిన్నగానే ఉంది.

అక్క ఆ గీతనే చూస్తూ అంది:

"'ఛార్జింగ్ నిండింది, ప్లగ్గు తీసేసి వస్తున్నా' అని బయటి నుంచి కేకేశాడురా మీ బావ. అదే ఆఖరి మాట."