కృపానిధి పండించిన ఎర్రరాయి

"ఇయ్యాలే ఆఖరు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి రాయి పుట్టిందా, సరే. లేదంటే మీ సీసాలూ బుడ్లూ మొత్తం పాతసామాన్లోడికి ఇచ్చేత్తాను" అంది పుష్పకుమారి, నర్సు చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

కృపానిధి ఆమె మొగుడు. హైస్కూల్లో సైన్సు ల్యాబు అటెండరు అతను. రాగిరాళ్లంటే పిచ్చి. భూమి కడుపులో వేల ఏళ్లకు తయారయ్యే పచ్చరాయిని అనకాపల్లిలో తన పెరటి వసారాలో పుట్టించాలని రెండేళ్లుగా నీలిరంగు రాగి ఉప్పు మైలుతుత్తాన్ని మరిగిస్తూనే ఉన్నాడు. 2004 చర్చి క్యాలెండరు వెనకంతా అతని కొలతలే. వచ్చింది మాత్రం పచ్చటి బురద.

ఆమె గేటు దాటగానే చెంబెడు నీళ్లు గటగటా తాగి ఆఖరి ప్రయోగానికి దిగాడు. వెనకటివాళ్లు రాగికి పచ్చదనం పట్టించడానికి మూత్రం వాడేవారని ఎక్కడో చదివాడు. ఈమధ్య ఆ సరుక్కి ఇంట్లో కొదవ లేదు. రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నాడాయె! మైలుతుత్తం నీళ్లలో నిమ్మకాయ పిండి, చాకలిసోడా వేసి, తన సరుకు కాస్త పోసి, గాజుబుడ్డిని స్టవ్వు మీదికెక్కించాడు.

నీలం పచ్చబడింది. పచ్చ పసుపైంది. చూస్తుండగానే అడుగున ఇటుకపొడిలా ఎర్రగా పేరుకుంది.

"బావా! ఓ బావా!" గోడ మీంచి పక్కింటి బెల్లం వర్తకుడు అప్పలనరసింహాన్ని కేకేశాడు. "పచ్చరాయికి గాలమేత్తే ఎర్రరాయి పడ్డాది! పుస్తకంలో సూడు, క్యుప్రైట్ అని రాసేడు. దీని పొడే ఇది!"

అప్పలనరసింహం కళ్లజోడు సవరించుకుని చూశాడు. "నిజవే. ఏటేసేవు బావా ఇందులో?"

కృపానిధి చెవిలో చెప్పాడు. అప్పలనరసింహం ముక్కు మూసుకున్నాడు గానీ కుతూహలం ఊరుకోనివ్వలేదు.

"అంతేనా? నాదీ పోత్తాను, సూద్దాం."

అవే కొలతలు, అదే మంట. ఎంతసేపు కాచినా అతని బుడ్డి మాత్రం నీలంగానే ఉండిపోయింది.

"బెల్లం కొట్లో పుట్టి పెరిగినోణ్ని, పాకం పండించడం తెలిసినోణ్ని. బెల్లంముక్క నోట్లో లేందే పొద్దుపోదు నాకు. నాదెందుకు పండలేదు బావా?"

"సెయ్యి బావా, సెయ్యి! దేవుడిచ్చిన సెయ్యుండాల" అని కృపానిధి మరో చెంబు నీళ్లు ఎత్తి తాగాడు.

సాయంత్రం పుష్పకుమారి వచ్చేసరికి రెండు బుడ్లూ గట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి. ఎర్రది ఎత్తి వెలుగులో చూసింది.

"ఇందులో ఏటి కలిపేరు?"

కృపానిధి నసుగుతూ చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఖాళీ చెంబు వైపు చూసింది. ఈ మధ్య వదులైపోయిన అతని చొక్కా వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏటి పుష్పా, రాయి వచ్చిందిగా! ఇంకా సీసాలు పారేత్తావా?"

"ఒక్కటీ పారెయ్యను. ఇకమీద రోజూ పొద్దున్నే ఈ వంట మీరు సెయ్యాల్సిందే" అంది ఆమె, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని. "మా ఆస్పత్రిలో సుగరోళ్ల ఉచ్చ ఇలాటి నీలిమందులో పోసి మరిగిత్తే వచ్చే ఎరుపండీ ఇది!"