శనివారం తూకం

"దిండు కింద ఏముంది?"

"ఏమీ లేదు," అంది లుసిండా.

టాబితా దిండు ఎత్తింది. వేలెడంత పెన్సిల్ ముక్క. తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది.

"అది నాది."

"ఇక్కడ మీదంటూ ఏదీ ఉండదమ్మా. పాలు తాగండి."

టాబితా వెళ్ళేదాకా ఆగి, పక్క మంచం మీది మిసెస్ ఆడ్లిన్ దుప్పటిలోంచి తల బయటపెట్టింది.

"ఈవిడ మొహానికి నవ్వు అతికించడం మరిచిపోయాడు దేవుడు. ఆ రోజు పని ఎక్కువై ఉంటుంది."

లుసిండాకి నవ్వే ఓపిక కూడా లేదు.

ఇంట్లో పాపకి అయిదో నెల. కాన్పయిన దగ్గర్నుంచీ లుసిండాకి ఊరికే ఏడుపొచ్చేది, నిద్ర పట్టేది కాదు. కాగితం మీద ఏదో ఒకటి రాసుకుంటే కాస్త తెరిపిగా ఉండేది. ఆ రాయడమే జబ్బు అన్నాడు బోస్టన్ డాక్టరు. భర్త ఏమస్ తెచ్చి ఈ విశ్రాంతి గృహంలో చేర్చాడు.

చదవకూడదు. రాయకూడదు. మంచం దిగకూడదు. రెండు గంటలకోసారి పాలు. శనివారం శనివారం తూకం.

ఒళ్ళు చేస్తే నయమైనట్టు లెక్క. నూట పది పౌండ్లు తూగితే ఇంటికి. క్రిస్మస్ లోపల తూగకపోతే కొండ మీది పిచ్చాసుపత్రికి. మళ్ళీ మళ్ళీ తిరగడమెందుకని ఏమస్ అక్కడ చేర్చే కాగితం మీద కూడా ముందే సంతకం పెట్టేశాడు.

పొద్దున్నే కిటికీ అద్దాల మీద మంచు ఆకులు ఆకులుగా పూసేది. అది చూడ్డానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. లుసిండా అదే చూస్తూ పడుకునేది.

తూకం గదిలో డాక్టర్ వేర్‌హామ్ బల్ల దగ్గర కూర్చుని రాసుకునేవాడు. కాటా దగ్గర టాబితా. కడ్డీ మీద బిళ్ళ జరిపి అంకె చెప్పడం ఆమె పని.

"తొంభై ఎనిమిది."

తర్వాతి వారం, "నూట రెండు."

"చూశారా, అంతా పాల మహిమ," అన్నాడు డాక్టరు.

తాగిన పాలలో సగం లుసిండా కక్కేస్తూనే ఉంది. అయినా ఎలా పెరుగుతోందో ఆమెకే తెలియలేదు. చూసుకుందామంటే అక్కడ అద్దాలు ఉంచరు.

"నువ్వు నయం," అంది మిసెస్ ఆడ్లిన్. "నేను పండగ బాతులా తయారయ్యాను, అయినా మా ఆయన రాడు. నేను లేకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉందట."

ఒక మధ్యాహ్నం పాప గుర్తొచ్చి లుసిండా గోడవైపు తిరిగి ఏడుస్తోంది. టాబితా వచ్చింది.

"ఏడవకండి."

"ఏడవడానికి కూడా డాక్టరుగారిని అడగాలా?"

"ఏడిస్తే డాక్టరుగారు రాసుకుంటారు."

"నీకు పిల్లలుంటే తెలిసేది."

టాబితా దుప్పటి అంచు సరిచేసి వెళ్ళిపోయింది.

డిసెంబరు మూడో శనివారం.

"నూట పది," అంది టాబితా, ఎప్పటిలాగే గోడకేసి చూస్తూ.

ఏమస్ బండి కట్టించుకుని వచ్చాడు. డాక్టరు మర్యాదకి అడిగాడు.

"మా దగ్గర ఏమైనా లోటు జరిగిందా, మిసెస్ పెల్?"

లుసిండా పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది టాబితా. ఎనిమిది వారాల కసి లుసిండా నోటిదాకా వచ్చింది.

"ఈ మనిషికి జాలనేది లేదండి. వచ్చిన వారమే నా పెన్సిల్ లాక్కుంది."

డాక్టరు కలం ఆగింది.

"పెన్సిలా? నాకు చెప్పలేదే."

టాబితా ఎప్పటిలాగే గోడకేసి చూసింది. పెట్టె బండిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

దారిలో మొక్కజొన్న పిండి కోసం ఏమస్ మిల్లు దగ్గర బండి ఆపించాడు. మూలన బస్తాలు తూచే కాటా కనిపించింది. ఇంటికి వెళ్తున్న సంబరం కదా, లుసిండా చిన్నపిల్లలా దాని మీదకి ఎక్కింది. బిళ్ళని నూట పదికి జరిపింది.

కడ్డీ లేవలేదు.

వెనక్కి జరిపింది. ఇంకా వెనక్కి. కోటుతో, బూట్లతో కలిపి తొంభై ఆరు.

"మీ కాటా సరిగానే ఉందా?"

"పొద్దున్నే సరిచూశానమ్మా," అన్నాడు మిల్లువాడు. "తేడా వస్తే రైతులు నన్నే తూకమేస్తారు."

"ఎంత తూగావేంటి?" అని అరిచాడు ఏమస్ బయట్నించి.

లుసిండా బిళ్ళని సున్నాకి నెట్టి కిందికి దిగింది.

"నూట పది."

బండి కదిలాక ఆమెకి కాటా దగ్గర నిలబడి అంకె చెప్పే టాబితా గుర్తొచ్చింది. పెన్సిల్ సంగతి డాక్టరుకి ఆనాడే తెలిసి ఉంటే తనని ఎక్కడికి పంపేవాళ్ళో ఇప్పుడు తెలుస్తోంది.

క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజున, చేతితొడుగులు మరిచిపోయానని ఏమస్‌కి చెప్పి విశ్రాంతి గృహానికి వెళ్ళింది. వెనక గుమ్మం తట్టింది. వంటావిడ తలుపు తీసింది.

"టాబితాగారిని ఒకసారి పిలుస్తారా? ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను."

"లేదమ్మా. మీరు వెళ్ళిన సాయంత్రమే కొండ మీదికి పంపేశారు."

"అక్కడ పనిలో పెట్టారా?"

వంటావిడ పిండి చేతులు తుడుచుకుంది.

"పనేంటమ్మా, ఇక్కడ మాత్రం ఆవిడకి జీతం ఎవరిచ్చారు? కాన్పయిన నెలకి మొగుడు తీసుకొచ్చి, మీరు పడుకున్న ఆ మంచం మీదే పడుకోబెట్టి వెళ్ళాడు. పద్దెనిమిదేళ్ళయింది, ఇంకా రాలేదు."